దారిలో రాసుకున్నవి – 17: మూడో వరస



ఎస్సీ కాలనీలోకి తెల్ల స్కార్పియో వచ్చిందంటే అది పెళ్లి పిలుపుకి రాలేదని మన పిల్లలకు పలక పట్టకముందే తెలుసు. అందుకే మా కమిటీ కుర్రాళ్లు నిజనిర్ధారణలకు వెళ్లడానికి తలా కొంత వేసుకుని పాత ఫార్చ్యూనర్ ఒకటి కొందామంటే నాకు నవ్వు రాలేదు. "అన్నా, ఊళ్లో దిగితే లెక్క ఉండాలి" అన్నాడో తమ్ముడు. అలాంటి బండ్లను చూసి తలుపులేసుకున్న ఇంట్లో పెరిగినవాడు అలా కాక ఇంకెలా అంటాడు?

కానీ తమ్ముడూ, లెక్క ఊరివాళ్లకు బయటినుంచి కనపడేది. మనం కూర్చునేది లోపల. ఇరవై ఏళ్లుగా అంబాసిడర్, సుమో, డిజైర్, ఇన్నోవా, ఫార్చ్యూనర్ అన్నిట్లో తిరిగాను, చాలాసార్లు ఎవరూ అడగని సీట్లోనే. కాబట్టి కాస్త సాంకేతికంగా మాట్లాడతాను, ఓపిక పట్టండి.

బండి పొడవు చూసి మోసపోవద్దు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం చూడాలి, దాన్నే వీల్‌బేస్ అంటారు. ఫార్చ్యూనర్‌కి అది 2745 మిల్లీమీటర్లు. స్కోడా సూపర్బ్ అనే సెడాన్‌కి 2841, టొయోటా కామ్రీకి 2825. అంటే రోడ్డు మీద కొండలా కనపడే బండి కన్నా నేలకు ఆనినట్టుండే కార్లకే ఆ దూరం ఎక్కువ. పైగా సెడాన్‌లో రెండు వరసలు, పెద్ద బండిలో మూడు.

ఇంకోటి, ఫార్చ్యూనర్ లాంటివాటికి లారీకి ఉన్నట్టే కింద ఇనప చట్రం ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. దాంతో కాళ్లు పెట్టుకునే నేల పైకొస్తుంది. కప్పు అంత పైకి పోదు. కాబట్టి వెనక్కి పోయేకొద్దీ సీటు నేలకు దగ్గరవుతుంది. మూడో వరసకొచ్చేసరికి మోకాళ్లు ఛాతీ దగ్గరికొస్తాయి, తొడల కింద ఆనిక ఉండదు, బరువంతా తుంటి మీదే. కింద వెనక ఇరుసు. గుంట పడితే ముందు సీటు వాళ్లకి కుదుపు, మనకు దెబ్బ. ఆ సీట్లు ఎత్తితే సామాను జాగా దాదాపు పోతుంది. బ్యానర్లు, మైకు, పుస్తకాల మూట ఎవరి ఒళ్లో ఉంటాయో చెప్పాలా?

పెద్ద బండికి దాని మేలు దానికుంది. తలపైన ఖాళీ, భుజాలకు వెడల్పు, చెరువుకట్ట మీద గుంటలకు కింద తగలకుండా ఎత్తు. ముగ్గురు పక్కపక్కన కూర్చుంటే డిజైర్ కన్నా హాయి. డిజైర్ మొదట్లో నాలుగు మీటర్లు దాటి ఉండేది. 2006 బడ్జెట్ నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తగ్గించింది కదా, 2012లో ఆ గీత లోపలికి రావడానికి దాని తోక కోశారు. పన్ను కూడా కారు ఆకారం మారుస్తుందన్నమాట.

మోకాలికీ ముందు సీటుకీ మధ్య జాగా మనకు చిన్న విషయం కాదు. 1991లో సినిమా హాల్లో వెనక సీట్లో ఉన్న దళిత కుర్రాడి కాలు ముందున్న ఆధిపత్య కులపు కుర్రాడికి తగిలిందన్న గొడవ చుండూరులో ఎక్కడిదాకా పోయిందో మీకు తెలుసు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. కాలు నెపమే. కానీ నెపానికి ఆ నాలుగు వేళ్ల జాగా చాలింది.

ఇప్పుడు అసలు సంగతి. ఒక పెద్ద నగర సంఘం వాళ్లతో ఒకసారి పర్యటనకు వెళ్లాను. అందరూ మనకు మద్దతుగా వచ్చినవాళ్లే, మంచివాళ్లే. ప్రొఫెసర్ ముందు, లాయరూ ఇద్దరు విలేకర్లూ మధ్యలో. ఆ ఊరి కుర్రాడు, కేసు బయటపెట్టినవాడు, దారి చెప్పాల్సినవాడు, నాతోపాటు మూడో వరసలో. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు. వాడే వెనక్కి ఎక్కాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ వెనకనుంచి అరిచాడు, డ్రైవర్‌కి వినపడక రెండుసార్లు ముందుకెళ్లి తిరిగొచ్చాం. ఊళ్లో ఆగాక ముందువాళ్లు దిగి బాధితులతో మాట్లాడటం మొదలుపెట్టారు. మధ్య సీటు ఎవరైనా మడిస్తేగానీ మేం దిగలేం. వాడు అద్దంలోంచి సొంత ఇంటిని చూస్తూ కూర్చున్నాడు.

ఆడపిల్లలను కూడా "సన్నగా ఉంటారు, వెనక సరిపోతారు" అని అక్కడికే తోస్తాం.

ఎక్కడం దిగడం వేరే కథ. విచారణకు సాక్షిగా వెళ్లాల్సిన ఒక పెద్దమ్మ కోసం ఎవరో పెద్దాయన అభిమానంతో పెద్ద బండి పంపించాడు. మోకాళ్ల నొప్పి మనిషి. పైన పిడి పట్టుకుని మూడుసార్లు ప్రయత్నించింది. చివరికి టీ కొట్టు నుంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాం. "ట్రాక్టరు తొట్టెకైతే పైనుంచి ఎవరో ఒకరు చెయ్యిస్తారు నాయనా" అంది. మరీ కిందికుండే సెడాన్ కూడా ఆమెకు కష్టమే, కూర్చోవడం తేలిక, లేవడం యాతన. పిరుదుల ఎత్తులో ఉండే సీటే ఆ వయసుకు సరైంది. ఇన్నోవా ఆ లెక్కకు దగ్గరగా ఉంటుంది. నేనెక్కినవాటిలో మూడో వరస మనిషి కూర్చునేలా ఉన్నదీ అదే.

నా ఓటు అడిగారు కాబట్టి: ఎప్పుడూ నలుగురైదుగురమే వెళ్తాం. పాత ఎటియోస్ సెడాన్ చూడండి. 2020లో కొత్తవి అమ్మడం ఆపేశారు, పాతవి దొరుకుతాయి. వెనక నేల దాదాపు చదును, నడిమి సీటువాడికి దిబ్బ తగలదు. డిక్కీ 595 లీటర్లు, బ్యానర్లు ఎవరి ఒళ్లోకీ రావు. ఏడుగురు వెళ్లేరోజు ఇన్నోవా అద్దెకు తెచ్చుకుందాం.

ఏది కొన్నా తీర్మానాల పుస్తకంలో రెండు ముక్కలు రాయమని నా ప్రతిపాదన. ఏ ఊరికి పోతే ఆ ఊరివాడు డ్రైవర్ పక్కన. మూడో వరస ఉంటే వంతులవారీగా, అధ్యక్షుడితో మొదలు. బేరం ఖాయం చేసేముందు పెద్దమ్మను ఒకసారి ఎక్కించి దించుదాం. ఆదివారం ఖాళీనే అంది.