చెప్పినా కట్టేయని ఎద్దు



ఈ వారం వాక్యం ధ్యానించే ముందు మీ దగ్గర ఒక సంగతి ఒప్పుకోవాలి. అది మన సంఘం పనులకు తిరిగే నా పాత కారు గురించి. మీలో ఆ కారు ఎక్కనివాళ్లు తక్కువ. కాన్పు నొప్పులొచ్చినా, పాము కరిచినా, అర్ధరాత్రి అనంతపురం పెద్దాసుపత్రికి పోయేది అందులోనే.

ఎండాకాలం మొదట్లో, ఆ కారు నాకు అమ్మినాయన ఫోన్ చేశాడు. "అయ్యగారూ, కంపెనీ నుంచి నా ఫోనుకు మెసేజ్‌లు వస్తాండాయి. ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ మార్చల్లంట. డబ్బులేమీ అడగరంట, పోయి మార్పిచ్చుకోండి" అన్నాడు. సరే అన్నాను. తర్వాత పెండ్లిళ్లు, ఉపవాస కూటాలు, మందిరం పైకప్పు పని. ఆయన రెండోసారి ఫోన్ చేశాడు. మళ్లీ సరే అన్నాను. అట్లా నాలుగు నెలలు గడిచాయి.

చివరికి కారు తీసుకుపోతే, సర్వీస్ సెంటర్‌లో పిల్లోడు విషయం చెప్పాడు. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ను నింపే డబ్బాలో అమ్మోనియం నైట్రేట్ అనే మందు ఉంటుందట. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ అది చెడిపోతే, ఆ డబ్బానే పగిలి ఇనుప ముక్కలు ఎగిరి మనిషికి తగులుతాయట. కాపాడవలసిందే చంపుతుందన్నమాట. "ఇన్నాళ్లూ ఈ సీట్లో ఎవరు కూర్చునేవాళ్లు సార్?" అని అడిగాడు. నాకు నోరు రాలేదు. ఆ సీటు నాది కాదు, మీది.

ఇది ఒక్క కారు కథ కాదు. టకాటా అనే జపాన్ కంపెనీ చేసిన ఇలాంటి ఎయిర్‌బ్యాగ్‌ల కోసం ప్రపంచమంతటా కోట్ల బండ్లను వెనక్కి పిలిచారు. అమెరికాలో పేరున్న స్పోర్ట్స్ కారు ఫోర్డ్ మస్టాంగ్‌లో 2005 నుంచి 2014 దాకా వచ్చిన మోడళ్లు కూడా అందులో ఉన్నాయి. 2017లో టకాటా దివాలా తీసింది.

రీకాల్ అంటే కంపెనీ పరువు పోయినట్టని నేను అనుకునేవాణ్ణి. కానీ మన పెనుకొండ దగ్గర, మన పిల్లలు పనిచేసే ఫ్యాక్టరీలో తయారయ్యే కియా కారెన్స్‌నే చూడండి. 2022లో ఎయిర్‌బ్యాగ్ సాఫ్ట్‌వేర్ పరీక్షకు 44,174 బండ్లను పిలిచారు. 2023లో మీటర్ల తెర సరిగా వెలగకపోవచ్చని 30,297 బండ్లను పిలిచారు. ఒకే మోడల్, ఒక్కో ఏడు ఒక్కో లోపం. బయటికి చెప్పి సరిచేస్తే అది సిగ్గు కాదు. తెలిసీ ఊరుకుంటేనే సిగ్గు. మన దేశంలో 2012 నుంచి కంపెనీలు తమంతట తామే రీకాల్ చేసే పద్ధతి ఉండేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, ప్రభుత్వమే ఆదేశించే అధికారం కూడా వచ్చింది.

కానీ కంపెనీ పిలిచినా, బండి తీసుకుపోవలసింది మనమే. నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి ఉంది. ఎద్దు ఉన్నట్టుండి ఒకరిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. అది పొడిచే ఎద్దని ముందే అతనికి చెప్పినా కట్టేయకపోతే మాత్రం దోషం అతనిదే. రెండింటికీ తేడా ఒక్కటే, కబురు అందడం. నాకు రెండుసార్లు అందింది.

ఆ నాలుగు నెలల్లో ఆ సీట్లో కూర్చున్నవాళ్ల పేర్లు గుర్తుచేసుకుని రాసుకున్నాను. పదకొండు మంది. వాళ్లలో ఒకామె నిండు చూలాలు. ఒక్కొక్కరి ఇంటికీ పోయి చెప్పాను. ఆమె బిడ్డను ఒళ్లో పెట్టుకుని, "ఏమీ కాలేదు కదయ్యా, దేవుడు కాపాడినాడు" అంది. నిజమే, స్తోత్రం. కానీ ఆయన కృపను నా నిర్లక్ష్యం మీద దుప్పటిలా కప్పుకోలేను. ఆమెను క్షమాపణ అడిగాను. ఇప్పుడు మీ అందరినీ అడుగుతున్నాను.

మనలో చాలామందివి సెకండ్‌హ్యాండ్ బండ్లే. కంపెనీ కబురు పాత యజమానికే పోతుంది, మనకు రాదు. కాబట్టి వచ్చే ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు మీ ఆర్‌సీ తెచ్చుకోండి. అందులో చాసిస్ నంబర్ ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ, సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి గానీ మన యువకులు కనుక్కుని చెబుతారు. రీకాల్ ఉందని తేలితే ఆ వారమే పోయిరండి. తోడు కావాలంటే నేను వస్తాను.

ప్రభువు మీకు తోడై యుండును గాక. ఆమేన్.