పది నిమిషాల పిలాటెస్

"పది నిమిషాల వీడియోయే గదా డాక్టరుగారూ, ఇంట్లో చెయ్యవచ్చునా?" అని మా ఓ.పి.లో చాలామంది అడుగుతున్నారు. తక్కువసేపు ఉన్నంత మాత్రాన తేలిక అనుకోకూడదు. నిడివి తగ్గించడానికి కొందరు మధ్యలో విశ్రాంతినీ, వివరణనూ తీసేస్తారు. కొత్తవారికి కావలసినవి ఆ రెండే!

1883లో జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటెస్ రూపొందించిన ఈ వ్యాయామాల్లో 'హండ్రెడ్' అని ఒకటుంది. వెల్లకిలా పడుకుని, తల, కాళ్లు పైకెత్తి, ఐదు లెక్కపెట్టేవరకు ఊపిరి పీలుస్తూ, మరో ఐదు లెక్కపెట్టేవరకు వదులుతూ, చేతులను నూరుసార్లు ఆడించాలి. పొట్ట కండరాల్లో బలం లేకపోతే ఆ శ్రమంతా మెడ మీద పడుతుంది. మొన్న ఒక టీచరమ్మ మెడ పట్టేసి వచ్చింది.

"తల నేలకు ఆన్చి, మోకాళ్లు మడిచి కూడా చెయ్యవచ్చని అందులో చెప్పలేదా అమ్మా?"

"లేదండీ. ఆ అమ్మాయి నవ్వుతూ చేసేస్తోంది!"

ఆ అమ్మాయికి అది ఏళ్ల తరబడి అలవాటు మరి.

కనుక మొదటిసారి వీడియోను కుర్చీలో కూర్చుని చూడండి. ప్రతిదానికీ తేలిక పద్ధతి చూపాలి, ఊపిరి ఎప్పుడు తీయాలో చెప్పాలి. ఈ రెండూ లేకుంటే మరొకటి వెతకండి. ఎముకలు గుల్లబారినవారు, పడుకుని వెన్ను ముందుకు వంచుతూ లేచే 'రోల్ అప్' వంటివి మానాలి. గర్భిణులు, కొత్తగా ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. పరుపు మీద వద్దు. నేలమీద దుప్పటి మడతవేసుకుంటే చాలు. మర్నాడు కండరాలు కాస్త సలిపితే కంగారు లేదు. కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి.