ఫ్లాస్కులో పాలు... సీసాలో పొడి!

అర్ధరాత్రి దాటాక హైదరాబాద్ కాస్త కునుకు తీస్తుంది. శంషాబాద్‌కి మాత్రం అప్పుడే సందడి మొదలవుతుంది! గల్ఫ్‌కీ, అమెరికా వైపూ వెళ్లే విమానాలు చాలావరకు ఆ వేళల్లోనే బయల్దేరతాయి మరి. విజయవాడ నుంచి వచ్చే కార్లు పెద్ద అంబర్‌పేట దగ్గర, కరీంనగర్ బళ్లు శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్ వాళ్లవి మేడ్చల్ దగ్గర ఔటర్ రింగురోడ్డెక్కేస్తాయి. నగరంలో అడుగు పెట్టకుండానే ఇక్కడికొచ్చి వాలతాయి. మహబూబ్‌నగర్, కర్నూలు వాళ్లకి ఆ చుట్టుతిరుగుడూ లేదు. బెంగళూరు హైవే ఈ ఊరిమీదుగానే పోతుంది. విమానం ఎక్కేది ఒక్కరే. సాగనంపడానికి వచ్చేది మాత్రం ఇంటిల్లిపాదీ!

2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. అప్పటిదాకా బెంగళూరు రోడ్డు మీద ఓ మజిలీగా ఉన్న శంషాబాద్ పేరు అప్పట్నుంచీ ప్రతి ఇంటి కబుర్లలోకీ వచ్చేసింది. పిల్ల వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసిన తల్లి, అది వచ్చాక 108 పూర్తిచేసి, ఆనక చూసే ఊరు ఇదే.

టిక్కెట్టు, గుర్తింపు కార్డు చూశాకే సీఐఎస్ఎఫ్ జవాన్లు లోపలికి పంపుతారు. మిగతావాళ్ల వీడ్కోలు గుమ్మం బయటే. ఆ గుమ్మం దాకా వెళ్లేముందు అందరూ కలిసి గడిపే సమయం ఓ అరగంటో, గంటో! అప్పుడు డిక్కీలోంచి ఫ్లాస్కు బయటికొస్తుంది. ఎప్పుడో సాయంత్రం ఇంట్లో కలిపి పోసిన కాఫీ. మీగడ పైకి తేలి, వాసన చచ్చి, తీపి మాత్రం మిగిలి ఉంటుంది. పిల్లాడు రెండు గుక్కలు తాగి ‘చాలమ్మా’ అంటాడు. మళ్లీ అమ్మచేతి కాఫీ తాగేది రెండేళ్ల తర్వాతో, మూడేళ్ల తర్వాతో... అదేమో ఇలా!

దీనికి విరుగుడు చాలా తేలిక. ఫ్లాస్కులో కాఫీ తేకండి, పాలు తెండి. ముందు వేణ్నీళ్లు పోసి తొలిపిన ఫ్లాస్కులో, అప్పుడే మరిగించిన పాలు నిండుగా పోస్తే వేడి నిలుస్తుంది. అయిదారు గంటల ప్రయాణమైతే ఇంట్లో పాలు నింపొద్దు, విరిగే ప్రమాదం ఉంది. ఔటర్ ఎక్కేముందు హోటల్లో మరిగిన పాలు పోయించుకోవడం మేలు. ఇన్‌స్టంట్ కాఫీ పొడి ఓ చిన్న సీసాలో, పంచదార వేరే సీసాలో. నాన్నగారికి షుగరుంటే ఆయన గ్లాసు విడిగా కలపొచ్చు కదా!

ఇక కలపడం. చాలామంది పాల మీద పొడి చల్లి తిప్పేస్తారు. పైపొర తడిసి జిగురై, లోపలిది పొడిగానే ఉండిపోతుంది. అవే ఆ ఉండలు. అందుకే ముందు గ్లాసులో చెంచాడు పొడి, పంచదార వేసి, ఒకట్రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లతో ముద్దలా చెయ్యాలి. చెంచాతో రెండు నిమిషాలు గిలకొడితే నల్లటి ముద్ద లేత గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు పాలు పోసి, రెండు స్టీలు గ్లాసుల మధ్య నాలుగుసార్లు తిరగబోస్తే నురగ దానంతటదే వస్తుంది. స్టవ్వు మీద పాలతోపాటు పొడి కూడా మరిగించే అలవాటుంటే మానేయండి. ఆ పొడి అప్పటికే డికాక్షన్ తీసి ఆరబెట్టింది. మళ్లీ మరిగిస్తే ఉన్న వాసన కాస్తా ఆవిరితో పోతుంది.

పొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాలు చదవాలి. కాఫీ ఎంత శాతమో, చికోరీ ఎంతో అక్కడ ఉంటుంది. చికోరీ ఓ మొక్క వేరు. దాన్లో కెఫీన్ లేదు. కానీ చిక్కదనం, రంగు ఇస్తుంది. పాలతో తాగే మన నోళ్లకి చికోరీ కలిసిందే రుచి. నల్లకాఫీ తాగేవాళ్లకి అచ్చమైన కాఫీ పొడి నయం. అన్నట్టు, ఈ పొడి తయారీలో పేరుమోసిన సీసీఎల్ ప్రోడక్ట్స్ ఫ్యాక్టరీ మన గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గరే ఉంది. చల్లా రాజేంద్రప్రసాద్ స్థాపించిన ఆ సంస్థ ఎన్నో దేశాల బ్రాండ్లకు కాఫీ చేసి పంపుతుంది. అక్కడి అంగట్లో కొన్న విదేశీ సీసాలో ఉన్నది గుంటూరు గాలి పీల్చిన పొడే కావచ్చు!

అయినా అమ్మలు ఊరుకుంటారా? ఆవకాయ పక్కన రెండు ప్యాకెట్లు సర్దుతూనే ఉంటారు. వాటిని చెకిన్ సూట్‌కేసులోనే పెట్టండి. 2018 నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులకు అదనపు తనిఖీలు వచ్చాయి. రెండు స్టీలు గ్లాసులు కూడా ఆ సూట్‌కేసులో పడేయండి, బరువెంత గనక! అవతల హాస్టల్ గదిలో ఉండేది నీళ్లు కాచే కెటిలొక్కటే. దాన్లో పాలు పోస్తే అడుగంటుతాయి. కాబట్టి పాలపొడిని విడిగా గోరువెచ్చటి నీళ్లలో కలుపుకొని, కాఫీ ముద్దలో ముందు కాస్త వేణ్నీళ్లు, తర్వాత ఆ పాలు పోయాలని ఇప్పుడే, కారు దగ్గరే, ఓసారి చేయించి చూడాలి. ఫోన్లో చెబితే రాదు ఇది. ఎన్నడూ వంటింటి వైపు చూడని కుర్రాళ్లు ఆ గంటలో చెంచా పట్టుకుని బుద్ధిగా గిలకొడతారు. తల్లులు కూడా ఏడుపు మరిచి, ‘ఇంకాస్త, ఇంకాస్త’ అంటుంటారు.

పిల్లలు లోపలికి వెళ్లిపోయాక ఫ్లాస్కులో ఓ గ్లాసుడు పాలు మిగులుతాయి. పారబోయకండి. తెల్లవారుజామున మూడింటికి వెనక్కి వెళ్లేటప్పుడు వెనక సీట్లో అందరూ నిద్రపోతారు, డ్రైవరు తప్ప. ఆ గ్లాసులో పొడి కాస్త ఎక్కువే వేసి, బండి కదలకముందే అతనికివ్వండి. అప్పటికీ కళ్లు మూతలు పడుతున్నాయంటే పక్కన ఆపి, అరగంట పడుకోనివ్వండి.