ఆనీ ఆనని చూపు

సెప్టెంబర్ 28, ఆదివారం
నల్లబండల మీద జారిన బియ్యపు గింజను అమ్మ ఒడుపుగా ఏరేసింది. అప్పుడే గడపలోకొచ్చిన మేనత్తను మాత్రం, తల పక్కకు తిప్పి కంటి కొసతో చూస్తూ, "ఎవురమ్మా నువ్వు?" అంది. అత్త మొహం ముడుచుకుంది. "గింజ అగపడింది, నేను అగపడలేదా?"

వయసు మీదపడి అమ్మ రెటీనా నడిభాగం, అంటే మాక్యులా, దెబ్బతింది. ఎదుటి మొహం చెరిగిపోతుంది, పక్కలు మిగులుతాయి. నలుపు మీద తెలుపు తేలిగ్గా ఆనుతుంది. శుక్లమైతే ఆపరేషనుతో పోయేది. మా కొండాపురంలో అందరిదీ ఒకటే ప్రశ్న: కళ్ళు కనపడతాయా, కనపడవా? మధ్యలో ఉందంటే నటన అంటారు.

అక్టోబర్ 1, బుధవారం
పింఛను. అమ్మ నోట్ల అంచులు తడిమింది. 500కు ఐదు గీతలు, 100కు నాలుగు, 200కు నాలుగు గీతల మధ్య రెండు సున్నలు. కొత్త నోటైతే వేలికి తగులుతాయి, చేతులు మారి మెత్తబడితే అంతే సంగతులు. పొడవులో 100కూ 200కూ తేడా 4 మిల్లీమీటర్లే. నోటు విలువ చెప్పే మణి యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చింది. అంగట్లో ఫోను తీసే ఓపిక అమ్మకు లేదు. 500 నాలుగు మడతలు, 200 రెండు మడతలు, వంద మడత లేకుండా. అదీ ఆవిడ లెక్క.

అక్టోబర్ 5, ఆదివారం
పక్కింటి పిల్లోడిది అమ్మకు తిరగేసిన కథ. తొమ్మిదో తరగతి. పేపర్లో చిన్నక్షరాలు గడగడా చదువుతాడు. కాళ్ళ దగ్గరి బిందెను తన్నేస్తాడు. మసక చీకట్లో కలిగిరి బస్సు దిగితే గోడ పట్టుకుని నిలబడిపోతాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా. ముందు రేచీకటి, ఆపైన చుట్టుపక్కల చూపు కుంచించుకుపోవడం. అమ్మానాన్నలది మేనరికం. అలాంటి పెళ్ళిళ్ళలో ఇద్దరి వైపునా దాగున్న ఒకే జన్యులోపం బిడ్డలో బయటపడే అవకాశం ఎక్కువ. మునగాకు పెట్టమని ఊరంతా సలహా. విటమిన్ ఎ తక్కువై వచ్చే రేచీకటికి ఆ మాట సరే, వీడిది అది కాదు.

అక్టోబర్ 9, గురువారం
ప్రపంచ దృష్టి దినోత్సవం. 2016 వికలాంగుల హక్కుల చట్టం తిరగేశాను. అద్దాలు పెట్టాక కూడా మంచి కంటి చూపు 6/18కి మించకుండా 3/60 వరకు ఉంటే అల్పదృష్టి. అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి పోల్చుకునే అక్షరం కోసం వీళ్ళు 6 మీటర్ల దగ్గరికి రావాలి. చూపు పరిధి 40 డిగ్రీల కంటే తగ్గి 10 వరకు ఉన్నా అదే మాట. మొదటిది అమ్మ, రెండోది పిల్లోడు. నటన కాదని చట్టమే ఒప్పుకుంది. పిల్లోడి నాన్నను సచివాలయానికి తీసుకెళ్ళి సదరం స్లాటు అడిగించాను. సర్టిఫికెట్టులో వైకల్యం కనీసం 40 శాతం పడాలి.

అక్టోబర్ 17, శుక్రవారం
"వసారాలో పిల్లకాయలు కూర్చోనుండారు, పూలగౌన్లు" అంది అమ్మ. ఎవరూ లేరు. గాలి సోకిందని అత్త తాయత్తు తెస్తానంది. ఇలా లేనివి కనపడటం కొత్తదేం కాదు. జెనీవాలో చార్లెస్ బానెట్ 1760లోనే తన తాత గురించి రాశాడు. చూపు మందగించిన ఆ పెద్దాయనకు లేని మనుషులు, పక్షులు, మేడలు కనపడేవి. మతి మాత్రం నిక్షేపంగా ఉంది. కంటి నుంచి కబురు రాకపోతే మెదడు తనే బొమ్మలు కడుతుంది.

"అయితే పిచ్చి కాదా?" అంది అమ్మ. సంక్రాంతి నుంచి కనపడుతున్నారట, భయపడి చెప్పలేదట. కాసేపాగి, "పోనీలే, అల్లరి చెయ్యరు, అన్నం అడగరు."

అక్టోబర్ 25, శనివారం
తెల్లపళ్ళెంలో అన్నం తడుముకునే మనిషి అరిటాకులో శుభ్రంగా కలుపుకుని తింటుంది. మెట్ల అంచులకు పసుప్పచ్చ రంగు వేయించాను. నెత్తిమీది ట్యూబులైటు కంటే భుజం వెనక దీపం మేలు. భూతద్దం ఎంత దూరంలో పట్టుకోవాలో కూడా ఒకరు నేర్పాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో దీనికో విభాగమే ఉంది. పోయిన చూపు తెప్పించరు, మిగిలినదాన్ని వాడుకోవడం నేర్పుతారు.

నవంబర్ 3, సోమవారం
బళ్ళో పిల్లోణ్ణి జాలిపడి మొదటి బెంచీలో కూర్చోబెట్టారు. అక్కడ బోర్డు ముక్కముక్కలుగానే కనపడుతుందట. వెనక్కి జరిగితే ఆ ఇరుకు చూపులోనే ఎక్కువ బోర్డు పడుతుంది. అమ్మకైతే ముందు బెంచీయే నయం. వాడి సంగతి వాడినే అడగమని సారుతో అన్నాను. అడిగారు.

"మూడో బెంచీ సార్, కిటికీ పక్కన."