ఆరు పాటలకి అంత డబ్బా?

సినిమా హాలు దగ్గర పాటల పుస్తకాలమ్మిన రోజులు మన నాన్నల తరానికి బాగా గుర్తు. కథ కొంతదాకా చెప్పి, సరిగ్గా హీరోయిన్ కష్టాల్లో పడ్డచోట ఆపేసి, ‘మిగతా కథ వెండితెరపై చూడండి’ అనేవారు. ఆ పుస్తకం కొన్నవాడు సినిమా చూడకుండా ఉండగలడా? అదీ దాని కిటుకు!

గ్రామఫోను రికార్డుల్లోనూ అలాంటిదొకటి ఉండేది... ఏడంగుళాల ఇ.పి. నిమిషానికి 45 చుట్లు తిరిగేది. మామూలుగా పక్కకి రెండేసి చొప్పున నాలుగు పాటలు. పన్నెండంగుళాల ఎల్.పి. కొనే తాహతు లేనివాళ్ళు ఆ నాలుగు పాటలతోనే సినిమా మొత్తం ఇంటికొచ్చినంత సంబరపడేవారు. బీటిల్స్ బృందం కూడా 1963లో తమ తొలి ఎల్.పి.లోని 14 పాటల్లోంచి నాలుగు ఏరి, ‘ట్విస్ట్ అండ్ షౌట్’ పేరుతో ఇ.పి. వేస్తే బ్రిటన్ కుర్రకారు ఎగబడి కొన్నారు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? అన్నోజిగూడలో నా పక్క గదిలో ఉండే ఇంజనీరింగు కుర్రాడికి ఈమధ్య రికార్డుల పిచ్చి పట్టింది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన పద్దెనిమిది వందలు జేబులో పెట్టుకుని వచ్చాడు.

“అన్నా, పింక్ ఫ్లాయిడ్‌ది పాత రికార్డు దొరికింది. ఆరే పాటలున్నయ్. తీస్కోమంటవా?”

సినిమాల గురించి రాసి బతుకుతాను కాబట్టి పాటలన్నీ నాకు తెలుసని వాడి నమ్మకం!

ఆ రికార్డు 1981లో వచ్చిన ‘ఎ కలెక్షన్ ఆఫ్ గ్రేట్ డాన్స్ సాంగ్స్’. పేరు చూసి డాన్సు పాటలనుకునేరు, అది వాళ్ళ వెటకారం! 1971 నుంచి 1979 దాకా వచ్చిన ఐదు ఆల్బంల నుంచి ఏరిన ఆరు పాటలవి. వాటిల్లో ‘మనీ’ అసలు పాట కూడా కాదు. అమెరికాలో పాత కంపెనీ హక్కులివ్వనంటే, గిటారిస్టు డేవిడ్ గిల్మర్ శాక్సఫోన్ తప్ప చాలా వాయిద్యాలు తనే వాయించి మళ్ళీ రికార్డు చేశాడు.

అంతకంటే బాధ ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ది. మనసు చెదిరి 1968లో బృందానికి దూరమైన తొలినాటి నాయకుడు సిడ్ బారెట్‌ని తలుచుకుని కట్టిన పాట అది. 1975 నాటి ఆల్బంలో సగం మొదట్లో, సగం చివర్లో వస్తుంది. రెండూ కలిపితే 26 నిమిషాలు! దాన్ని కత్తిరించి ఇక్కడ పదకొండు నిమిషాల లోపుకి కుదించారు.

మన ‘శంకరాభరణం’ (1980) చూడండి. ఆఖరి పాట మధ్యలో శంకరశాస్త్రి కుప్పకూలితే శిష్యుడు అందుకుని పూర్తి చేస్తాడు. సినిమా చూడకుండా ఆ ఒక్క పాట వింటే గొంతు మారిందని తెలుస్తుంది, ఎందుకు మారిందో తెలియదు. పింక్ ఫ్లాయిడ్ ఆల్బం కూడా ఒక సినిమాలాంటిదే. ముక్కలు చేస్తే పాట మిగులుతుంది, కథ పోతుంది.

“ఇవన్నీ ఫోన్లో ఉన్నాయి కదరా, డబ్బులెందుకు తగలేస్తావ్?” అన్నాను.

“ఫోన్ల ఒక్కటి గూడ ఆఖరిదాక వినలే అన్నా! సగంల ఇంకోటి నొక్కుత. రికార్డైతే లేచి మార్చబుద్ధి గాదు.”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అంతులేని పాటలు చేతిలో ఉన్నవాడికి, ఆరే పాటలు కుదురుగా వినిపించే వస్తువు దండగ ఎలా అవుతుంది? “తీసుకోరా” అన్నాను.

కాబట్టి కుర్రకారూ! ఓ బృందాన్ని కొత్తగా వింటున్నవాళ్ళు ఇలాంటి పొట్టి ఆల్బం నిశ్చింతగా కొనండి. ఆ ఐదు ఆల్బంలూ ఇప్పటికే ఉన్నవాళ్ళు మాత్రం గిల్మర్ వాయించిన ఆ రెండో ‘మనీ’ కోసం తప్ప జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. ఇక కొన్నవాళ్ళు అక్కడితో ఆగకండి. 1975 నాటి ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బం మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో లేవకుండా ఒక్కసారి వినండి. పాటల పుస్తకం చదివి సినిమా మానేసినవాణ్ణి మీరెక్కడైనా చూశారా?