గుట్టమీది సిగ్నల్

మా బడికి సిగ్నల్ లేదు. ఉట్నూరు ఏజెన్సీలో ఇది వింతేమీ కాదు. బడి వెనక గుట్ట ఎక్కి ఇప్పచెట్టు దగ్గర నిలబడితే ఫోన్‌లో రెండు గీతలు కనిపిస్తాయి. హాజరు పంపేదీ, జీతం పడిందో లేదో చూసుకునేదీ అక్కడి నుంచే. గట్టి వాన పడితే ఆ రెండు గీతలూ ఉండవు.

ఒకసారి శిక్షణకు పోతే పెద్ద తెరమీద చాలా వెబ్‌సైట్లు చూపించి, "రోజూ పిల్లలకు ఒక వీడియో పెట్టండి" అన్నారు. సిగ్నల్ లేదని చెప్పాను. "మనసు పెట్టాలి సార్" అన్నారు. మనసు పెడితే టవర్ లేస్తుందా అని కోపం వచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం మా అమ్మ వాగు నుంచి నీళ్లు మోసుకొచ్చేది గుర్తొచ్చింది. నీళ్లు ఇంటిదాకా రాకపోతే మనమే పోయి తెచ్చుకున్నాం. దీన్నీ అట్లా తెచ్చుకోలేమా?

అప్పటి నుంచి సంతకు ఉట్నూరు పోయినప్పుడల్లా వారానికి సరిపడా ఫోన్‌లో నింపుకొని వస్తున్నాను. 2017లో మొదలైన దీక్షా యాప్ మీకు తెలిసిందే. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఊళ్లో స్కాన్ చేసి పాఠం దించుకుంటే బడిలో నెట్ అక్కర్లేదు. అన్ని వీడియోలూ బాగుండవు. కొన్ని పుస్తకాన్నే చదివి వినిపిస్తాయి. అవి నాకెందుకు, నాకూ చదవడం వచ్చు.

ఫెట్ అట్లాంటిది కాదు. భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. సైన్సు, లెక్కల ప్రయోగాలను తెరమీద చేతితో కదిలిస్తూ చేయవచ్చు. పైసా కట్టనక్కర్లేదు. ఒక్కో ప్రయోగాన్ని ఒక్కో ఫైలుగా దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. కొన్నింటికి తెలుగు కూడా ఉంది. కరెంటు పాఠం రోజు ఫోన్‌ను పిల్లల మధ్య పెట్టాను. ఒకడు బల్బు వదిలేసి బ్యాటరీ రెండు కొసలనూ తీగతో నేరుగా కలిపాడు. తెరమీద బ్యాటరీకి మంట అంటుకుంది! అందరూ ఒక్క అడుగు వెనక్కి దుమికారు. మరునాడు వాళ్లే ఇంటి నుంచి టార్చి సెల్లు, చిన్న బల్బు పట్టుకొచ్చారు. ఏది కలపాలో, ఏది కలపకూడదో వాళ్లకు నేను చెప్పే పని పడలేదు.

అసలు నేను రాయాలనుకున్నది మూడో తరగతి అమ్మాయి గురించి. బడిలో చేరినప్పటి నుంచి ఆమె నోరు విప్పలేదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందని వాళ్ల దాది చెప్పేది. ఆమె ఎందుకు మాట్లాడదో నాకు తెలుసు, కానీ తెలియనట్టే ఉన్నాను. చిన్నప్పుడు నేను బడిలో దాహమై "ఏర్" అని అడిగాను. గోండిలో ఏర్ అంటే నీళ్లు. మైదానం నుంచి వచ్చిన మా పంతులు నేను ఏరుకు పోతానంటున్నానని అనుకొని, కూర్చోమని గద్దించాడు. ఆయన తప్పు కూడా కాదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు నేను ఏదీ అడగలేదు. అట్లాంటి నేను టీచరయ్యాక, తనిఖీకి వచ్చేవాళ్లు ఏమంటారోనని ఆరేళ్లు తెలుగులోనే చెప్పాను.

ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ తెరిచారు. బొమ్మల కథలు ఎన్నో భాషల్లో ఉంటాయి. ఒడిశాలోని కుయి, సవర, ముండా, జువాంగ్ భాషల్లోనూ ఉన్నాయి. ఎవరైనా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మన భాషలోకి మార్చుకోవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. కథ రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు ఉంచాలి.

ఒక కథను దించుకొని, తెలుగు వాక్యాల కింద తెలుగు లిపిలోనే గోండి రాసి, పిల్లల ముందు చదివాను. రెండో పేజీలోనే ఆ అమ్మాయి లేచింది. "అట్ల కాదు సార్, మా దాది అట్ల అనదు" అంది, గోండిలో. నేను రాసింది మా ఊరివైపు మాట, ఆమె ఊరి మాట వేరు. నేను కొట్టేసి ఆమె మాట రాశాను. ఆ తర్వాత తక్కినవాళ్లూ దిద్దడం మొదలుపెట్టారు. ఆ కథ ముగిసేసరికి అన్నం గంట కొట్టారు.

గోండిలో చదువు చెప్పడం నేను కనిపెట్టింది కాదు. 1940లలోనే హైమండార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకు టీచరు శిక్షణ పెట్టించి, గోండి వాచకాలు వేయించారు. మధ్యలో మనమే వదిలేశాం. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. గూగుల్ నోటో ఫాంటు ఉచితం. నాకింకా ఆ లిపి వేగంగా రాదు, పిల్లలతో పాటే నేర్చుకుంటున్నాను.

ఆ కథల్లో ఆరింటిని ఉట్నూరులో అచ్చు తీయించి, దారంతో కుట్టి బడిలో పెట్టాం. మొన్న ఆ అమ్మాయి ఒకటి ఇంటికి పట్టుకుపోయింది. మరునాడు దాదిని వెంటబెట్టుకొచ్చింది. ఆమెకు చదవడం రాదు. పుస్తకం ఒళ్లో పెట్టుకొని బొమ్మలన్నీ తిప్పి చూసి, "ఇందులో నక్క ఉంది గానీ మా నక్క కథ లేదేం?" అని అడిగింది. ఆదివారం ఫోన్ రికార్డరు పట్టుకొని వాళ్లింటికి పోతున్నాను.