రక్తపోటుకూ ఋతువులున్నాయి

విజయవాడలో ముప్పయ్యేళ్లు లెక్కలు బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఆ మాస్టారికి అంకెలంటే అపారమైన విశ్వాసం. రక్తపోటు ఉన్నదని వైద్యుడు చెప్పిన నాటినుండి ఆయన వారానికి రెండుసార్లు ఇంట్లోనే కొలుచుకొని, తేదీ వేసి, ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చారు. ఆయన తండ్రి పక్షవాతంతో మంచాన పడి మరణించారు. ఆ భయమే ఈ శ్రద్ధకు మూలం.

మూడవ ఏటి వేసవిలో ఆ పుస్తకమే ఆయనను తప్పుదారి పట్టించింది. రోహిణి కార్తె ఎండలు మండిపోతున్నవి. పుస్తకంలోని అంకెలు మాత్రం రోజురోజుకూ దిగి 112/70 దగ్గర నిలిచాయి. మంచం మీదినుండి లేచినప్పుడల్లా కళ్లు తిరిగేవి.

“జబ్బు నయమైంది. ఇక మాత్రలెందుకు?” అన్నారాయన.

“డాక్టరుగారిని ఒక్కమాట అడగండి,” అన్నది భార్య.

లెక్క కళ్లెదుట ఉండగా అడిగేదేమిటని ఆయన మాత్రలు మానివేశారు. వర్షాకాలం నిశ్చింతగా గడిచింది. కొలుచుకోవడం కూడా మరిచారు.

పుష్యమాసంలో ఆ దంపతులు ఢిల్లీలోని కుమార్తె ఇంటికి వెళ్లారు. తెల్లవారుజామున చలి ఆరేడు డిగ్రీలకు దిగుతున్నది. గచ్చుమీద కాలు పెడితే జివ్వుమనేది. ఒకనాటి ఉదయం తల బరువుగా ఉన్నదంటే కుమార్తె తన యంత్రంతో కొలిచింది. 178/102! ఆమె ఆలస్యం చేయక తండ్రిని వైద్యుని వద్దకు తీసుకుపోయింది.

వైద్యుడు మాత్రలు తిరిగి ప్రారంభించి, నోటుపుస్తకాన్ని నిదానంగా తిరగవేశాడు. “మాస్టారూ, మీరు దీన్ని రోజు తరువాత రోజుగా చదివారు. మే నెలలన్నీ ఒకచోట, జనవరి నెలలన్నీ ఒకచోట పెట్టి చూడండి,” అన్నాడు. చూస్తే, విజయవాడలో క్రమంగా మాత్రలు వేసుకున్న కాలంలో కూడా ప్రతి వేసవిలోనూ అంకెలు దిగాయి. ప్రతి శీతకాలంలోనూ ఎక్కాయి. మూడేళ్లుగా తన చేతితో తానే రాసినది లెక్కల మాస్టారు గమనించలేదు!

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. బ్రిటన్‌లో రక్తపోటు చికిత్సపై జరిగిన ఒక పెద్ద పరిశీలనలో ఈ ఋతుభేదం స్పష్టంగా కనిపించినట్లు 1982లో ప్రచురించారు. వయసు పైబడినవారిలో ఆ తేడా మరింత హెచ్చు. ఫ్రాన్సులోని మూడు నగరాలలో 65 ఏళ్లు, అంతకు పైబడిన 8,801 మందిని పరిశీలించిన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. 160/95 లేదా అంతకు మించిన పోటు వేసవిలో నూటికి సుమారు 24 మందిలోనూ, శీతకాలంలో 33 మందిలోనూ కనిపించింది.

కారణం దేహధర్మమే. చలి తగలగానే లోపలి వేడిని కాపాడుకోవడానికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఇరుకైన దారిలో రక్తాన్ని నడపాలంటే పోటు పెరగక తప్పదు. ఎండాకాలంలో నాళాలు వ్యాకోచిస్తాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి, పోటు తగ్గుతుంది. దానికి మాత్రల బలం, ముఖ్యంగా మూత్రం ద్వారా నీటిని వెడలించే మాత్రల బలం తోడైతే, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదమున్నది. అంటే వేసవిలో మాస్టారికి కలిగిన బాధ నిజమే. దానికి ఆయన చెప్పుకున్న అర్థమే పొరపాటు. జబ్బు పోలేదు, ఎండ దానిని తాత్కాలికంగా మరుగుపరచింది.

కనుక కాలం మారే వేళల్లో మరింత శ్రద్ధగా కొలుచుకోవాలి. ప్రతిసారీ ఒకే వేళకు, చలిగాలి తగలని చోట అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్న తరువాత కొలుచుకోవాలి. అంకె ఎక్కినా దిగినా మందును మార్చవలసినవాడు వైద్యుడే.

మరుసటి వేసవిలో మళ్లీ కళ్లు తిరగడం మొదలుకాగానే మాస్టారు పుస్తకం చంకన పెట్టుకొని విజయవాడలోని తన వైద్యుని వద్దకు వెళ్లారు. ఆయన ఒక మాత్రను సగానికి తగ్గించి, కార్తీకమాసంలో తిరిగి రమ్మన్నారు. ఇప్పుడా నోటుపుస్తకంలో తేదీకీ రక్తపోటుకూ నడుమ కొత్తగా ఒక గడి చేరింది. అందులో మాస్టారు ఆనాటి ఎండ ఎన్ని డిగ్రీలో రాసుకుంటున్నారు.